కొమ్ముకు దీర్ఘమిస్తే

గిరింపేటలో సైకిలు షాపు మీద మేడ.
మెట్లెక్కేటప్పుడు పంక్చరు సొల్యూషన్ వాసన,
ఎక్కినాక సుద్దముక్క వాసన.
నాదముని సారు నగోయాలో ఎనిమిదేండ్లు
ఇనపరేకులు ఒత్తి వచ్చినాడు.
కుడిచేతి చూపుడువేలు ఆడనే ఉండిపోయింది.
మధ్యవేలితో చూపిస్తాడు బోర్డును.
మొదట్లో మాకు నవ్వొచ్చేది, ఇప్పుడు రాదు.

ఈ పొద్దు పాఠం: మో.
ఒకే అక్షరం. ఒక కొంకి, దానికి రెండు అడ్డగీతలు.
ఏ మాదిరి ఉండాది చెప్పండి, అన్నాడు.
నస్రీను గాలమనింది.
దామలచెరువు గుణశేఖరు
"మామిడికాయలు లాగే దోటి సార్!"
"అదే. పక్కోడి వాక్యంలో కాయని
నీ వాక్యంలోకి లాక్కునే దోటి.

వతషి మో. నేనూ.
తెలుగోళ్ళకి ఇది నేర్పేదేముంది?
వాళ్ళు ఒక అక్షరం అతికిస్తారు,
మనం కొమ్ముకు దీర్ఘమిస్తాం.
నేను. నేనూ.
రవ్వంత ఊపిరి ఎక్కువ ఖర్చు, అంతే."

అందరూ రాసుకుంటా ఉండారు.
నేను ఆ దీర్ఘం కాడనే ఆగిపోయినా.

ఐదో తరగతిలో ధనకోటి ముందు బెంచీకి పోతే
నేనూ.
ధనకోటి కుట్టుమిషను నేర్చుకుంటే
నేనూ, గోటిలో సూది దిగినా సరే.
ధనకోటి నర్సింగు, నేనూ.
"జపానులో ముసలోళ్ళని చూసుకునే పని ఉండాదంట మే,
వస్తావా?"
ఆమె వాక్యం ముగిసే లోపలే
నా నోట్లో దీర్ఘం తయారు.
ఇరవై మూడేండ్లుగా నా పేరు మోహన కాదు,
దాంట్లో మొదటక్షరం మాత్రమే.

సారు వరసగా అడగతా వచ్చినాడు.
నిహోన్ ఎ ఇకిమాసు కా? జపానుకు పోతారా?
ధనకోటి: హై, ఇకిమాసు.
గుణశేఖరు: వతషి మో ఇకిమాసు.
నస్రీను: వతషి మో.
దోటి చేతులు మారతా
నా దగ్గరికొచ్చింది.

కింద షాపులో ఈ టైముకు
ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పతా ఉంటారు,
బుడగ యాడ లేస్తాదో చూస్తా.
లేచిన చోటే చిల్లి.

పోయిన వారం పాఠం గుర్తొచ్చింది.
రాసేది హ, పలికేది వ.
నా సంగతి వేరే, నేనైతే, నేను మటుకు
అనాలంటే అదే కావాలన్నాడు సారు.
నా పేరులో మో పక్కనే కూర్చోనుండాది ఆ అక్షరం.
ఇన్నాళ్ళూ దాన్ని హ అనే పిలిచినా.

వతషి వ...
ఇకిమాసెన్.
నేనైతే పోను.

ఫ్యాను కిర్రుమంటా ఉండాది.
ధనకోటి నా పక్కకి తిరిగినప్పుడు
బెంచీ కదిలింది, నేను మొగం చూళ్ళేదు.
సారు ఎందుకని అడగలేదు.
లేని వేలి పక్క వేలితో గాల్లో టిక్కు కొట్టి
"పార్టికలు కరెక్టు" అన్నాడు. "తర్వాత?"

మెట్లు దిగేటప్పుడు ధనకోటే అడిగింది.
ఎందుకు మే?
ఎందుకంటే అనేదాన్ని జపాను భాషలో ఏమంటారో
ఆ పాఠం ఇంకా రాలేదు మాకు.
తెలుగులోనూ నాకు రాలేదు.

మూలమీద టీ బండి.
"రెండు, చక్కెర లేకుండా" అనింది అలవాటుగా,
ఇద్దరికీ కలిపి.
"నాకు మటుకు వెయ్యన్నా" అన్నా.
ఆయప్ప రెండు చెంచాలు వేసి కలిపినాడు.
మరీ తీపి. అయినా తాగతా ఉండా.

ధనకోటి చాలాసేపు మాట్లాడలేదు.
ఆనిక నా గ్లాసు తీసుకొని
ఒక గుక్క తాగి, తిరిగిచ్చి,
బండాయప్పకు తన గ్లాసు చాపి
నెమ్మదిగా అనింది,
"నాకూ."